సున్నా స్థానంలో శ్రీకారం

ఉద్యోగంలోంచి దిగిపోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ పలాస బజారులో ఎవరైనా ఆపి, "మేస్టారూ, తమరు ఇన్నాళ్ళూ కంప్యూటర్లో ఏటి సేసేవోరు?" అని అడిగితే నాకు నోరు పెగలదు. నిజం చెబితే నమ్మరు. నేను చేసిందల్లా ప్రపంచంలోని డబ్బుల పేర్లు ఒక వరసలో రాయడం, ఆ వరస చెడకుండా పన్నెండేళ్ళు కాపలా కాయడం. "దానికి జీతమిచ్చేరేటి?" అని ఒకాయన నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు. ఇచ్చారండీ. ఏటా పండక్కి కిలో జీడిపప్పు కూడా ఇచ్చారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, శాలువా ఎవరు కప్పారు అన్నవి మీకు పనికిరావు. నేను చేసిన తప్పులు పనికొస్తాయి. అందులో ఒక తప్పు వల్ల ఒక అమ్మాయి ఉద్యోగం ఊడబోయింది. ఆ సంగతి దాచిపెట్టి తక్కినవన్నీ చెప్పుకుంటూ పోతే ఇది రాయడమే దండగ.

గోదాం మీద లైబ్రరీ

మా నాన్నగారు టెక్కలి తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కు. నేను అదే ఊళ్ళో ఓ ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. నలభై దాటాక సరదాగా కంప్యూటరు నేర్చుకున్నాను. సరదా ముదిరి ప్రోగ్రాములు రాయడం మొదలైంది. అది తెలిసి కాశీబుగ్గ నుంచి ధర్మారావు గారు కబురు పెట్టారు.

ధర్మారావు గారు జీడిపప్పు వ్యాపారి. ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు దిగుమతి చేసుకుని, ఇక్కడ పప్పు కొట్టించి, గల్ఫ్ దేశాలకు పంపుతారు. కొనేది ఒక దేశపు డబ్బుతో, అమ్మేది ఇంకో దేశపు డబ్బుతో. ఈ చెల్లింపులన్నీ బ్యాంకులకు తప్పుల్లేకుండా పంపడానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలన్నారు. రాసిచ్చాను. పక్క వ్యాపారులు చూసి మాకూ కావాలన్నారు. ఎవరికి వారు తమ ప్రోగ్రాములో తగిలించుకోడానికి వీలుగా దాన్ని విడిగా తీసి ఓ ముద్దగా కట్టాను. ఇలా నలుగురూ వాడుకునేలా కట్టిపెట్టిన ప్రోగ్రాముల ముద్దను మా వాళ్ళు లైబ్రరీ అంటారు.

ఆయనకు ఆ మాట తెగ నచ్చేసింది. గోదాం పైన మేడ వేయించి, నలుగురు కుర్రాళ్ళను పెట్టి, నన్ను కాలేజీ మాన్పించి, గుమ్మం మీద 'పేమెంట్స్ లైబ్రరీ' అని బోర్డు కట్టించారు. మూడో రోజుకల్లా రిటైరైన పెద్దమనుషులు మెట్లెక్కి వచ్చి పేపర్లేవని అడగడం మొదలెట్టారు. ఇక్కడ పేపర్లుండవని చెబితే, "డబ్బులు కడితేనే సూపిత్తారేటి? బోర్డు మీద పేమెంట్సని రాసేరు కదా" అని ఒకాయన కోప్పడ్డాడు. చివరికి రెండు దినపత్రికలు తెప్పించి వరండాలో బల్ల వేశాం. మా ఆఫీసులో ఏనాడూ విమర్శ రాని విభాగం అదొక్కటే.

ఎల్‌డబ్ల్యూపీ ఏ దేశపు డబ్బు?

ప్రతి దేశపు డబ్బుకీ మూడక్షరాల గుర్తు ఉంటుంది. మన రూపాయికి ఐఎన్ఆర్, దుబాయి దిర్హానికి ఏఈడీ. నా మొదటి ప్రోగ్రాములో ఆ గుర్తును మామూలు రాతగా తీసుకునేవాణ్ణి. మూడక్షరాలున్నాయా, పెద్ద బడిలో, అంటే క్యాపిటల్ అక్షరాల్లో ఉన్నాయా అని మాత్రం చూసేవాణ్ణి. అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

కింద గోదాంలో సింహాచలం అనే గుమాస్తా ఉండేవాడు. బస్తాల లెక్క చూస్తూనే పైకొచ్చి చెల్లింపుల వివరాలు కొట్టేవాడు. జీడిపిక్కల నూనె వేళ్ళకంటి, మా కీబోర్డులన్నీ అతని చలవ వల్ల నల్లబడ్డాయి. జీడిపప్పు ముక్కల్లో ఒక రకాన్ని మా వ్యాపారులు ఎల్‌డబ్ల్యూపీ అంటారు. అతను ఒక రోజు సరుకు రకం రాయాల్సిన అక్షరాలు పక్క గడిలో, అంటే డబ్బు గుర్తు రాయాల్సిన గడిలో కొట్టాడు. మూడక్షరాలు, పెద్ద బడి. నా ప్రోగ్రాము శుభమని పంపించేసింది.

వారం తర్వాత గల్ఫ్‌లోని ఒక బ్యాంకు నుంచి చాలా మర్యాదగా ఉత్తరం వచ్చింది. తమరు పేర్కొన్న ఎల్‌డబ్ల్యూపీ అనే కరెన్సీ మా పుస్తకాల్లో కనబడటం లేదు, అది ఏ దేశానిదో దయచేసి తెలుపగలరు అని. ధర్మారావు గారు ఆ కాగితం పట్టుకుని పైకొచ్చారు.

"ఏ దేశమని రాయమంతారు మేస్టారూ? పలాస అని రాసీమంతారా?"

తప్పు సింహాచలానిది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఆడు బస్తాలు మోయించీవోడు. ఆడు ఏటి కొట్టినా సరే అనీడానికి మీరెందుకు?" అన్నారు. బాసులు చాలా మంది అరుస్తారు గానీ సరైన చోట అరిచేవాళ్ళు తక్కువ. ఈయన ఆ తక్కువ మందిలో ఒకరు.

ఆ రోజే డబ్బు గుర్తును రాతగా తీసుకోవడం మానేశాను. దరఖాస్తు ఫారం తెలుసు కదా. గీత గీసి వదిలేస్తే జనం ఆ గీత మీద ఏదైనా రాస్తారు. పురుషుడు, స్త్రీ అని ముందే అచ్చేసి టిక్కు పెట్టమంటే అందులోదే ఒకటి ఎంచుకోవాలి. ప్రోగ్రాములోనూ అలా చేయవచ్చు. ఇదిగో ఈ పేర్లే ఉంటాయి, ఇవి కాక వేరే పేరు రాస్తే ప్రోగ్రాము అసలు తయారే కాదు అని ఒక జాబితా కట్టేయవచ్చు. దాన్ని ఈనమ్ అంటారు.

"ఇనామా?" అన్నారు ధర్మారావు గారు. "ఎవులికి ఇత్తన్నాం?"

ఇనాం భూముల తగాదా ఆయనకు ఒకటి కోర్టులో నడుస్తూ ఉండేది. ఆ మాట వినగానే ముఖం మాడిపోయింది. ఇది భూమి కాదు, జాబితా అని నమ్మించేసరికి మధ్యాహ్నం అయింది.

తలకు శ్రీ, తోకకు ఇతరములు

జాబితా కట్టే రోజు ఆయన స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. నేను మొదటి పేరుగా ఏఈడీ కొట్టాను.

"ఆగండాగండి. శ్రీ ఏది?"

"శ్రీ ఏమిటండీ?"

"కొత్త పుస్తకం ఎత్తితే పైన శ్రీ సుట్టమా? శ్రీ లేకండా లిస్టేటి మేస్టారూ? మా నాయిన సాకలిపద్దు మీద కూడా శ్రీ రాసీవోడు."

సరేనని జాబితా పైన వ్యాఖ్యగా 'శ్రీ' అని రాశాను. మనుషులు చదువుకోడానికి ప్రోగ్రాములో అలా వ్యాఖ్యలు రాసుకుంటాం. ఆయన తృప్తిగా చూసి, "మిషను ఇది సదువుతాదా?" అని అడిగారు. వ్యాఖ్యల్ని మిషను చదవదు, దాటేసి పోతుంది అని నిజం చెప్పాను. అప్పుడప్పుడు నిజం చెప్పడం పొరపాటు.

"మిషను సదవని శ్రీ ఎందుకండి? సదివీలాగే రాయండి."

మిషను చదివేలా రాయాలంటే శ్రీ కూడా ఆ జాబితాలో ఒక సభ్యుడు కావాలి. అరగంట వాదించాను. ఆయన చొక్కా మడతలు సర్దుకుంటూ అలాగే నిలబడ్డారు. చివరికి ఎస్ఆర్ఐ అని మూడక్షరాలు మొదట కొట్టి, దాని కింద ఏఈడీ మొదలుకొని అక్షర క్రమంలో ప్రపంచమంతా రాశాను. జాబితాలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అంటే సున్నా స్థానం శ్రీది, ఒకటో స్థానం దుబాయి వాళ్ళది.

ఆయన్ని తిట్టుకుంటూనే నా వంతు చాదస్తం నేనూ చేశాను. మా నాన్నగారు తయారుచేసిన ఏ ఫారమైనా చివర 'ఇతరములు' అనే గడి ఉండేది. పశువులు: ఆవులు, గేదెలు, మేకలు, ఇతరములు. అది లేకపోతే ఫారం పూర్తయినట్టు ఆయనకు తోచేది కాదు. ఆ రక్తమే కాబట్టి నేనూ జాబితా చివర ఇతరములు అని పెట్టాను. నెల తిరక్కుండా సింహాచలం ప్రతి చెల్లింపుకూ ఇతరములే ఎంచుకోవడం మొదలెట్టాడు. అదేమిటయ్యా అంటే, "కిందకి తోసీత్తే అదే వచ్చీసి ఆగతాదండి, ఎతుక్కోనక్కర్నేదు" అన్నాడు. దాన్ని తీసేసి, పాత నమోదులన్నీ అతనితోనే వారం పాటు దిద్దించాను. చివరి పేరు కాబట్టి తీసినా మిగతా వాటికేమీ కాలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, నా కొంప ముంచింది ఇదే.

శ్రీ సంగతి వేరుగా తిరిగింది. మేం వాడే భాషలో ఎవరైనా గడి నింపకుండా వదిలేస్తే మిషను దాన్ని సున్నా అనుకుంటుంది. సున్నా అంటే జాబితాలో మొదటి పేరు. ఏఈడీ మొదట ఉండి ఉంటే, నింపడం మరిచిపోయిన ప్రతి చెల్లింపూ దుబాయి దిర్హాల్లోకి పోయేది. శ్రీ ఉండబట్టి శ్రీ అయింది. మొదట్లో ఒక చెల్లింపు అలాగే బయటికి కూడా పోయింది. ఇది శ్రీలంక రూపాయేనా అని అవతలి బ్యాంకు అడిగింది. వెంటనే రెండు వాక్యాలు రాసి, శ్రీ కనిపిస్తే చెల్లింపు ఆపెయ్యాలని కట్టడి చేశాను. అప్పట్నుంచి గడి ఖాళీగా ఉన్న చెల్లింపు ఒక్కటీ బయటికి వెళ్ళలేదు. మహామహా ఇంజనీర్లు తలలు పట్టుకునే చోట ధర్మారావు గారి ఆచారం పనికొచ్చింది. ఆయనకు మాత్రం ఇందులో వింతేమీ కనబడలేదు. "మరి శ్రీ అంటే ఏటనుకున్నారు?" అన్నారు.

ఇక నా పిసినారితనం ఒకటి చెప్పాలి. చెల్లింపు దాచేటప్పుడు మూడక్షరాల గుర్తు బదులు జాబితాలో దాని వరస సంఖ్య దాచాను. చోటు కలిసొస్తుందని. పన్నెండేళ్ళలో కలిసొచ్చిన చోటు అంతా కలిపినా ఒక పెళ్ళి వీడియో పట్టదు. మీరు ఇలా చేయకండి.

దమయంతి

ఆ తర్వాత చాలా ఏళ్ళు సాఫీగానే నడిచింది. నేను దిగిపోడానికి రెండేళ్ళ ముందు దమయంతి వచ్చింది. ఇచ్ఛాపురం అవతల డొంకూరు పిల్ల. వాళ్ళ నాన్న లోకనాథం సముద్రం మీద వేటకు వెళతాడు. ఆరు నెలలు చూసి ఉంచుకుంటామన్నది మా షరతు. ఆరు నెలలు చూసి ఉంచుతానన్నది వాళ్ళ నాన్న షరతు కూడా. ఉద్యోగం ఖాయమైతే సరే, కాకపోతే బారువలో మేనత్త దగ్గర ఎండుచేపల వ్యాపారంలో కూర్చోవాలి. ఆ పిల్లే నాకు చెప్పింది.

"కూకుంటే తప్పేటి నేదు మేస్టారూ. అత్త మంచిదే. కాని నాకు ఇదే బాగుంది."

చేరిన రెండో వారంలోనే మా జాబితాలో గల్ఫ్ గుర్తుల పక్కన రాసిన పేర్లు చూసి, రియాల్ అన్నది మూడు చోట్ల ఉందని పట్టుకుంది. సౌదీ, ఖతర్, ఒమన్. గల్ఫ్‌లో పని చేసేవాళ్ళ ఇళ్ళల్లో అందరూ రియాలనే అంటారు, మూడింటి విలువ వేరు. దేశం పేరు ముందుండాలంది. "మా ఊర్ల ఒకే సేపకి ఒడియాలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు. ఒకే పేరుకి రెండు సేపలు కూడా ఉంతాయి. బేరం కాడ అడిగి తెలుసుకోవాల" అంది. నేను పదేళ్ళుగా ఆ మూడు రియాళ్ళనూ చూస్తున్నాను. నాకు తట్టలేదు. కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

రూపాయి ఇరాక్ వెళ్ళింది

ఆమె ఆరు నెలలు నిండే వారంలోనే అదృష్టం మా తలుపు తట్టింది. ఒక పెద్ద బ్యాంకు మా లైబ్రరీ తీసుకుందామనుకుంది. పరిశీలించడానికి విశాఖ నుంచి ఒక ఆడిటర్ గారు గురువారం వస్తారని, శనివారం దాకా ఉంటారని కబురు.

బుధవారం సాయంత్రం మా జాబితాను ఒకసారి ఆయన కళ్ళతో చూసుకున్నాను. మొట్టమొదటి పేరు ఎస్ఆర్ఐ. ప్రపంచంలో లేని డబ్బు. ఇదేమిటని ఆయన అడిగితే ఏం చెప్పాలి? మా యజమాని చాకలిపద్దు మీద కూడా రాస్తారండీ అని చెప్పాలా? సిగ్గేసింది. దాచడం ఎందుకు, చచ్చేంత సిగ్గేసింది. నగరం నుంచి వచ్చే మనిషి ముందు పల్లెటూరి వాళ్ళమని తేలిపోతామని భయపడ్డాను.

తీసేద్దామనుకున్నాను. నా కంప్యూటరు అప్పటికే కింద గదిలో ఆడిటర్ గారి కోసం అమర్చి ఉంది. దమయంతి సాయంత్రం పాసింజరు రైలుకని వెళ్ళిపోయింది, ఆమె కంప్యూటరు తెరిచే ఉంది. అక్కడ కూర్చుని శ్రీనీ, శ్రీని ఆపే రెండు వాక్యాలనూ తీసేశాను. ఆరోజుల్లో ఇతరములు తీస్తే ఏమీ కాలేదు కదా అన్న ధీమా. కొత్తగా ఒక చెల్లింపు చేసి చూశాను. రూపాయి రూపాయిగానే వెళ్ళింది. లైటార్పి ఇంటికి పోయాను.

మర్నాడు ఆడిటర్ గారు కాఫీ తాగి, కొత్తవి వద్దు, పాత చెల్లింపులు చూపించండి అన్నారు. పెద్ద తెర మీద వేశాం. కాశీబుగ్గ మిఠాయి కొట్టుకు అమ్మిన జీడిపప్పు ఇరాకీ దినార్లలో ఉంది. దుబాయి పార్టీ అఫ్ఘానిస్తాన్ డబ్బులో కట్టాడు. ధర్మారావు గారు తెర దగ్గరకు వెళ్ళి కళ్ళజోడు తుడుచుకుని చూశారు.

"మన ఒమన్ పార్టీ పనామా ఎప్పుడెల్లిపోనాడు?" అన్నారు. "మిఠాయి కొట్టోడు ఇరాకేటండి? పొద్దున్నే ఆడి కొట్టుకాడ పూరీ తిన్నాను!"

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. పెళ్ళి బంతిలో మొదటి ఆకు దగ్గరి మనిషి లేచిపోతే అందరూ ఒక్కో ఆకు జరిగి కూర్చున్నారనుకోండి. నాలుగో ఆకులో పెరుగు వద్దన్నారని గుర్తు పెట్టుకున్న వడ్డనవాడికి ఇప్పుడక్కడ వేరే మనిషి ఉంటాడు. నేను దాచింది ఆకు సంఖ్యలు, మనుషుల పేర్లు కాదు. మొదట ఉన్న శ్రీ లేచిపోయేసరికి ప్రతి పాత సంఖ్యా తర్వాతి దేశపు డబ్బును చూపించింది. రూపాయి తర్వాత అక్షర క్రమంలో వచ్చేది ఇరాకీ దినార్.

ఎవరు మార్చారో చూడమన్నారు ఆడిటర్ గారు. ప్రతి మార్పుకూ పేరూ సమయమూ మిషనే రాసి పెడుతుంది. కుర్రాడొకడు తెరిచాడు. దమయంతి అని ఉంది.

"ఏటమ్మా, ఇది నువ్వే సేసేవా?" అన్నారు ధర్మారావు గారు.

ఆమె తెర వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

"నా పేరే ఉన్నాది కదండి" అంది.

ఆయన అరవలేదు, అదే బాధ. "ఆరు నెల్లూ శనివారంతో అయిపోతాది. ఉంచుదుననే అనుకున్నాను. శనివారం దాకా వచ్చి, ఆపైన మీ నాయిన కాడికి ఎల్లిపో తల్లీ" అన్నారు.

నేను అక్కడే ఉన్నాను. నోరుంది. మాట రాలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, ఏడాదిన్నరలో దిగిపోయేవాణ్ణి, నా మీద ఈ మచ్చెందుకు అనుకున్నాను. ఆమె చిన్నపిల్ల, ఇంకో ఉద్యోగం దొరక్కపోతుందా అని కూడా అనుకున్నాను. ఇలా అనుకున్నానని రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతోంది. చప్పుడు చేయకుండా వెళ్ళి శ్రీని మళ్ళీ మొదట పెట్టాను. అయిదు నిమిషాల్లో మిఠాయి కొట్టువాడు ఇరాక్ నుంచి కాశీబుగ్గ వచ్చేశాడు. ధర్మారావు గారు నా భుజం తట్టి ఆడిటర్ గారితో, "మా మేస్టారు కాబట్టి సటుక్కున సర్దీసినారు" అన్నారు. నా ఉద్యోగ జీవితంలో అందరిముందూ దొరికిన పెద్ద మెప్పు అదే.

శుక్రవారం, శనివారం

శుక్రవారం ఆమె మామూలుగానే వచ్చింది. వచ్చి పనిలో కూర్చుంది. మధ్యాహ్నం నా బల్ల దగ్గరకు వచ్చి, "మేస్టారూ, జాబితాలో పేరు పక్కనే దాని అంకె కూడా మనమే రాసీత్తే ఏటవుతాది?" అని అడిగింది. "శ్రీకి సున్నా, దిర్హానికి ఒకటి, ఇలగ. అప్పుడు ఎవులు లేచిపోయినా మిగతావోలు ఎక్కడోలక్కడే ఉంతారు కదా?"

అది సరైన మందు. మొదటి రోజే నేను చేయాల్సిన పని. జాబితాలోని పేర్లకు అప్పటికే సగం దాకా అంకెలు రాసేసింది.

"రేపు వెళ్ళిపోతున్నావు కదమ్మా, నీకెందుకిప్పుడు?" అన్నాను. అడగకూడని మాటలు నాకు బాగా వస్తాయి.

"పోతే పోతాను మేస్టారూ. సగంలో వదిలీత్తే ఎలగ? నాయిన రేపు మద్దేనం బారువ అత్తకి ఫోను సేత్తానన్నాడు. ఈలోపు అయిపోతాది."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. శనివారం ఉదయం పది గంటలకు ఆడిటర్ గారు, ధర్మారావు గారు కింద గదిలో కూర్చుని ఉండగా వెళ్ళి, బుధవారం సాయంత్రం ఆ మార్పు చేసింది నేనేనని, ఆ పిల్ల కంప్యూటరులో చేయడం వల్ల ఆమె పేరు పడిందని, రెండు రోజులుగా దాచానని చెప్పాను. నిలబడే చెప్పాను.

ధర్మారావు గారు కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"తీసీసినారు సరే. ఎందుకు తీసేరు?"

"సిగ్గేసిందండీ."

"నా శ్రీ అంటే మీకు సిగ్గా మేస్టారూ?" అన్నారు. పనామా, ఇరాక్, బ్యాంకు ఒప్పందం ఏదీ ఆయనకు గుర్తు లేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆడిటర్ గారు ఏమిటీ శ్రీ అని అడిగారు. ధర్మారావు గారు చాకలిపద్దు దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పారు. ఆడిటర్ గారు నవ్వుతారని నేను పళ్ళు బిగబట్టుకున్నాను. నవ్వారు కూడా. నవ్వి, "మా దగ్గర సున్నా స్థానంలో 'తెలియదు' అని పెడతాం. మీరు శ్రీ అని పెట్టుకున్నారు. రెండూ చేసే పని ఒకటే, ఎందుకు తీశారండీ?" అన్నారు. ఏ మనిషి ముందు మానం పోతుందని తీశానో ఆ మనిషికి అందులో తప్పే కనబడలేదు.

తర్వాత ఆయన, బ్యాంకు మా లైబ్రరీ తీసుకోడానికి రెండు షరతులు పెట్టారు. అంకెలు పక్కనే రాసి ఉండాలి. ఆ పని అయిపోయిందని, చేసింది ఫలానా అమ్మాయని చెప్పాను. రెండోది, ఇక నుంచి ఎవరు మార్పు చేసినా ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే అది లోపలికి వెళ్ళాలి.

"ఎంత పెద్దోలు సేసినా?" అని అడిగారు ధర్మారావు గారు.

"ఎంత పెద్దవారు చేసినా."

ధర్మారావు గారు మెట్ల దగ్గరకు వెళ్ళి పైకి కేకేశారు. "దమయంతీ! మీ నాయినకి ఫోను సెయ్యి. బారువ ఫోను సెయ్యొద్దని సెప్పు. నీ ఉద్యోగం ఉన్నాది. ఇంకో ఉద్యోగం కూడా ఉన్నాది, కిందకి రా సెప్తాను."

ఆమె దిగి వస్తుంటే మెట్ల మీద ఆపి క్షమించమని అడిగాను. వినయంగా ఉండదని తెలిసినా ఆమె చెప్పినది చెప్పినట్టే రాస్తున్నాను.

"నాకు తెలుసు మేస్టారూ. ఆ మార్పు కాడ అయిదూ నలబై అని టైముంది. అయిదుకే నేను టేసన్‌లో ఉన్నాను. పేరు సూసేరు గాని టైమెవులూ సూడనేదు."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు సెప్తారేమోనని సూసేను. ఇయాల మద్దేనం దాకా సూద్దామనుకున్నాను. మీరు సెప్పకపోతే ఆ టైము అయ్యగారికి సూపించీసి, నా ఉద్యోగం నేను ఉంచుకుని, మీ కాడ నేర్సుకోడం మానీద్దును."

మధ్యాహ్నానికి ఇంకా రెండు గంటలే ఉంది. నాకు మెట్ల మీదే కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను. ఆమె నన్ను దాటుకుని కిందకు వెళ్ళింది.

మార్పులు చూసి ఒప్పుకునే పని ధర్మారావు గారు ఆమెకే ఇచ్చారు. సోమవారం నేను జాబితాలో ఒక చిన్న సవరణ చేసి ఆమెకు పంపాను. తిప్పి పంపింది. దిద్ది మళ్ళీ పంపాను. మళ్ళీ తిప్పి పంపింది. రెండుసార్లూ తప్పు నాదే. మూడోసారి ఒప్పుకుని కింద తన పేరు రాసింది. మిషను ఎలాగూ రాస్తుంది కదమ్మా అంటున్నా వినకుండా, పేరు పక్కన టైము కూడా తన చేత్తోనే రాసింది.